నాగార్జున సాగర్ వెళ్తున్నారా? పదే పదే వచ్చే సందేహాలు, వాటికి జవాబులు

కృష్ణకు వరద వచ్చిందన్న వార్త టీవీలో కనబడితే చాలు, "గేట్లు ఎత్తారా? ఈ ఆదివారం వెళ్లొచ్చా?" అని ఫోన్లు మొదలవుతాయి. అడిగేవాళ్లు మారతారు గానీ ప్రశ్నలు మారవు. అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. మొదటి నుంచి చదవాల్సిన పని లేదు.

ఒక్క మాట మాత్రం ముందే చెప్పాలి. సాగర్‌ను పొలాలకు, కరెంటుకు, తాగునీటికి కట్టారు. మనం చూడటానికి రావడం ఆ తర్వాతి సంగతి. కాబట్టి క్యాలెండర్‌లో సెలవు చూసుకునే ముందు ఆ రోజు నీటిమట్టం ఎంతుందో చూడండి.

## బయలుదేరే ముందు

గేట్లు ఎప్పుడు ఎత్తుతారు? తేదీ ముందే చెప్పొచ్చా?

చెప్పలేం. సాగర్ పూర్తిస్థాయి నీటిమట్టం 590 అడుగులు. స్పిల్‌వే (వరద నీళ్లు కిందికి దూకే భాగం) మట్టం 546 అడుగులు, దాని మీద 44 అడుగుల ఎత్తు గేట్లు. 546 దాటాక నీళ్లు గేట్లను తాకుతాయి గానీ, జలాశయం దాదాపు నిండి, పైనుంచి వరద ఇంకా వస్తుంటే తప్ప అధికారులు గేట్లు ఎత్తరు. మామూలుగా ఇది ఆగస్టు, సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో జరుగుతుంది. 2024లో ఆగస్టు మొదటి వారంలో ఎత్తారు. 2025లో జూలై ఆఖరులోనే ఎత్తేశారు. 2023లో అసలు ఎత్తే అవసరమే రాలేదు. "పోయినేడు ఇదే తేదీకి వెళ్లాం" అన్న లెక్క ఇక్కడ పనికిరాదు.

శ్రీశైలం గేట్లు ఎత్తారంట. అంటే రేపు సాగర్ గేట్లు కూడా ఎత్తేస్తారా?

అప్పటికి సాగర్‌లో ఎన్ని నీళ్లున్నాయన్న దాన్ని బట్టి ఉంటుంది. ఆల్మట్టి, నారాయణపూర్, జూరాల దాటి వచ్చిన నీళ్లు ముందు శ్రీశైలం నింపాలి, ఆ తర్వాతే సాగర్ వంతు. సాగర్ 590 అడుగుల దగ్గర 312 టీఎంసీలు పట్టుకుంటుంది (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). ఎండాకాలం చివర 510 అడుగులకు పడిపోతే మిగిలేవి 131 టీఎంసీల చిల్లర. అంటే నిండటానికి ఇంకో 180 టీఎంసీలు కావాలి.

లెక్క మీరే వేసుకోవచ్చు. లక్ష క్యూసెక్కుల (సెకనుకు లక్ష ఘనపుటడుగుల) ప్రవాహం రోజంతా వస్తే 8.64 టీఎంసీలు. మూడు లక్షలు వస్తే రోజుకు దాదాపు 26. అలా వచ్చినా అడుగు నుంచి నిండటానికి వారం పడుతుంది. కాలువలకు, కరెంటుకు వదిలేది పోగా ఇంకా ఆలస్యమే. అదే సాగర్ అప్పటికే 585 అడుగుల దగ్గర ఉంటే, శ్రీశైలం గేట్లు లేచిన ఒకట్రెండు రోజుల్లోనే ఇక్కడా సందడి మొదలవుతుంది. పేపర్లో జిల్లా పేజీ తిరగేస్తే నీటిమట్టం, ఇన్‌ఫ్లో, ఔట్‌ఫ్లో మూడూ ఉంటాయి. ఆ మూడు అంకెలు చాలు.

గేట్లు ఎత్తకపోతే వెళ్లడం దండగేనా?

నన్నడిగితే కాదు. పిల్లలకు నాగార్జునకొండ మ్యూజియం, బుద్ధవనం (బుద్ధుడి కథల పార్కు), అనుపు (పాత బౌద్ధ కట్టడాలున్న చోటు) నింపాదిగా చూపించాలనుకుంటే గేట్లు మూసి ఉన్న రోజే మంచిది. వరద బాగా వచ్చిన ఏడు నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా నీళ్లు నిండుగా ఉంటాయి, ఎండ తక్కువ, జనం కూడా తక్కువ. గేట్లు ఎత్తిన ఆదివారం వెళ్తే చూసేది సగం నీళ్లు, సగం ముందున్న కారు వెనకభాగం. గేట్ల కోసమే వెళ్లాలంటే సెలవు పెట్టి అయినా సరే మామూలు రోజున వెళ్లండి.

ఎండాకాలంలో వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు గానీ ఏప్రిల్, మేలలో అక్కడి బండల మీద ఎండ మామూలుగా ఉండదు. మధ్యాహ్నం పదకొండు నుంచి నాలుగు దాకా బయట తిరిగే పని పెట్టుకోకండి. నీళ్లు కిందికి పోవడంతో జలాశయం అంచులన్నీ బురద, రాళ్లు తేలి ఉంటాయి. నీటిమట్టం బాగా పడిపోతే బోటు ప్రయాణాలు తగ్గించడమో, ఆపేయడమో కూడా జరుగుతుంది.

ఏ వారం వెళ్తే ఇబ్బంది?

శుక్రవారం. జలాశయం మధ్య దీవి మీదున్న నాగార్జునకొండ మ్యూజియం భారత పురావస్తు శాఖది, దానికి శుక్రవారం సెలవు. ఆ రోజు వెళ్లి లాంచీ దగ్గర నిలబడి నిట్టూర్చేవాళ్లు ప్రతి వారం ఉంటారు. శని, ఆదివారాల్లో రద్దీ ఎక్కువ. కార్తీక మాసంలో సోమవారాలు, పౌర్ణమి రోజున నదీ స్నానాలకు వచ్చేవాళ్లతో ఘాట్లు కిటకిటలాడతాయి.

ఒక్క రోజు సరిపోతుందా?

హైదరాబాద్ నుంచి పొద్దున్నే అయిదున్నరకల్లా బయలుదేరితే డ్యామ్, నాగార్జునకొండ, ఎత్తిపోతల జలపాతం చూసి రాత్రికి ఇల్లు చేరొచ్చు. బుద్ధవనం, అనుపు కూడా అదే రోజు పెట్టుకుంటే పరుగులు తప్పవు, ఏదీ సరిగ్గా చూసినట్టు ఉండదు. పెద్దవాళ్లు, చిన్న పిల్లలు ఉంటే ఒక రాత్రి బస చేయడమే మేలు.

## దారి, బస

హైదరాబాద్ నుంచి ఎటు వెళ్లాలి? ఎంతసేపు పడుతుంది?

సాగర్ రోడ్డు ఎక్కి ఇబ్రహీంపట్నం, మాల్, కొండమల్లేపల్లి మీదుగా వెళ్లడం మామూలు దారి. దాదాపు 150 కిలోమీటర్లు. నగరం దాటడానికి పట్టే టైమును బట్టి మూడు నుంచి మూడున్నర గంటలు. ఊళ్ల మధ్య స్పీడ్ బ్రేకర్లు, రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, గేదెలు ఉంటాయి కాబట్టి చీకటి పడ్డాక తొందరపడొద్దు.

సొంత బండి లేదు. బస్సు, రైలు ఉన్నాయా?

బస్సు ఉంది. హైదరాబాద్ ఎంజీబీఎస్ నుంచి సాగర్‌కు, సాగర్ మీదుగా మాచర్లకు ఆర్టీసీ బస్సులు నడుస్తాయి. సాగర్‌కు మాత్రం రైలు లేదు. గుంటూరు వైపు నుంచి వచ్చేవాళ్లకు దగ్గరి స్టేషన్ మాచర్ల, అక్కడి నుంచి పాతిక కిలోమీటర్ల లోపు. అసలు చిక్కు సాగర్ చేరాక మొదలవుతుంది. చూడాల్సినవన్నీ చెల్లాచెదురుగా ఉంటాయి. నలుగురు కలిసి ఒక ఆటోను పూటకు మాట్లాడుకోవడం తేలిక. ఎక్కడెక్కడ ఆపాలో, ఎంతసేపు ఆగాలో ఎక్కకముందే తేల్చుకోండి.

ఏది తెలంగాణలో ఉంది, ఏది ఆంధ్రాలో ఉంది? అది తెలుసుకోవాల్సిన అవసరం ఉందా?

ఉంది, ముఖ్యంగా ట్యాక్సీలో వెళ్లేవాళ్లకు. కృష్ణకు ఎడమ గట్టు తెలంగాణలోని నల్లగొండ జిల్లా. హిల్ కాలనీ, పైలాన్ కాలనీ, బుద్ధవనం అటే ఉంటాయి. కుడి గట్టు ఆంధ్రప్రదేశ్‌లోని పల్నాడు జిల్లా. విజయపురి సౌత్, అనుపు, ఎత్తిపోతల, మాచర్ల అటువైపు. సొంత కారుకు ఏ ఇబ్బందీ లేదు. ట్యాక్సీ అయితే పక్క రాష్ట్రంలోకి పర్మిట్ ఉండాలి. ఆ ఖర్చు ఎవరిదో డ్రైవర్‌తో ముందే మాట్లాడుకోకపోతే చెక్‌పోస్టు దగ్గర గొడవ. అలాగే ఒక రాష్ట్రంలో కొన్న మందు సీసాలు డిక్కీలో పెట్టుకుని ఇంకో రాష్ట్రంలోకి పోవద్దు. వంతెనకు రెండు వైపులా తనిఖీలుంటాయి.

రాత్రి ఎక్కడ ఉండాలి?

తెలంగాణ వైపు హిల్ కాలనీలో పర్యాటక శాఖ వాళ్ల విజయ్ విహార్ ఉంది. నీళ్లు కనబడే గది దొరికితే పొద్దున్నే లేచినందుకు ఫలితం ఉంటుంది. ఆంధ్రా వైపు విజయపురి సౌత్‌లోనూ, ఎత్తిపోతల దగ్గరా టూరిజం బసలున్నాయి. కాలనీలో ప్రైవేటు లాడ్జీలు కూడా కొన్ని ఉన్నాయి. గేట్లు ఎత్తిన వారం మాత్రం ముందుగా బుక్ చేయకుండా వెళ్తే గది దొరకడం కష్టం. చాలామంది మాచర్లకో, మిర్యాలగూడకో పోయి పడుకోవాల్సి వస్తుంది.

## డ్యామ్ దగ్గర

డ్యామ్ మీద నడవనిస్తారా?

మామూలు సందర్శకులను వదలరు. పూర్వం చూసిన పెద్దవాళ్లు "మేం డ్యామ్ మీది నుంచే బస్సులో పోయాం" అంటే నిజమే గానీ, ఇప్పుడు అక్కడ కట్టుదిట్టమైన భద్రత ఉంది. 2023 నవంబర్‌లో రెండు రాష్ట్రాల మధ్య నీటి వివాదం ముదిరాక కేంద్ర బలగాలను కూడా దింపారు. గేటు దగ్గర కానిస్టేబుల్‌ను బతిమాలడం వల్ల ఆయనకూ మీకూ టైము దండగ.

మరి గేట్లు ఎక్కడి నుంచి బాగా కనబడతాయి?

డ్యామ్‌కు దిగువన రెండు గట్లనూ కలిపే వంతెన మీది నుంచి. 26 గేట్లూ ఎదురుగా వరసగా కనబడతాయి. ప్రధాన డ్యామ్ పొడవు దాదాపు 1,450 మీటర్లు. అందులో గేట్లున్న భాగం ఎంతో, రాతి గోడ ఎంతో అక్కడ నిలబడితేనే తెలుస్తుంది. అన్ని గేట్లూ లేచినప్పుడు నీళ్లు కింద బండకు కొట్టుకుని పైకి ఎగిరి, తుంపర మంచులా వంతెన దాకా వస్తుంది. కళ్లద్దాలు, ఫోన్ కెమెరా అద్దం నిమిషంలో తడిసి మసకబారతాయి. జేబులో పొడి గుడ్డ పెట్టుకోండి. వంతెన మీద బండి ఆపనివ్వరు. ఇవతలే పార్క్ చేసి నడిచి వెళ్లాలి. చిన్న పిల్లల చెయ్యి వదలొద్దు, రెయిలింగ్ ఎక్కించి ఫొటోలు తీయొద్దు.

పిల్లలు డ్యామ్ గురించి అడిగితే ఏం చెప్పాలి?

1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఎత్తు పునాది నుంచి 124 మీటర్ల పైమాటే. ఇంత పెద్ద ఆనకట్టను రాతితో కట్టారన్నది అసలు విశేషం. యంత్రాలతో పాటు వేల మంది కూలీలు రాళ్లు మోసి లేపిన గోడ ఇది. ఇక్కడ ప్రాజెక్టు కట్టాలని పట్టుబట్టి తిరిగినవాళ్లలో ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వర ప్రసాద్ పేరు ముందు చెప్పాలి. కుడి కాలువకు జవహర్ పేరు, ఎడమ కాలువకు లాల్ బహదూర్ పేరు పెట్టారు. శంకుస్థాపనకు గుర్తుగా నిలబెట్టిన స్తంభం వల్లే పైలాన్ కాలనీకి ఆ పేరొచ్చింది.

డ్రోన్ ఎగరేసి వీడియో తీయొచ్చా?

వద్దు. డ్యామ్, విద్యుత్ కేంద్రం రెండూ భద్రతా ప్రాంతాలు. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం ఎక్కడ ఎగరేయొచ్చో ప్రభుత్వం వాళ్ల డిజిటల్ స్కై మ్యాప్‌లో చూసుకోవాలి. అనుమతి లేకుండా ఎగరేస్తే డ్రోన్ పోతుంది, కేసు మిగులుతుంది. ఫోన్‌తో, మామూలు కెమెరాతో వంతెన మీది నుంచి తీసుకుంటే ఎవరూ ఏమీ అనరు.

## లాంచీ, నాగార్జునకొండ

కొండకు లాంచీ ఎక్కడ ఎక్కాలి?

రెండు వైపుల నుంచీ ఉన్నాయి. తెలంగాణ వైపు హిల్ కాలనీ దగ్గర ఆ రాష్ట్ర పర్యాటక శాఖ లాంచీలు, ఆంధ్రా వైపు విజయపురి సౌత్‌లో ఆ రాష్ట్రం వాళ్లవి. మీరు దిగిన గట్టు నుంచే ఎక్కండి, అవతలి గట్టుకు పరిగెత్తాల్సిన పని లేదు. వెళ్లడానికి ముప్పావు గంట నుంచి గంట పడుతుంది. సరిపడా ప్రయాణికులు వచ్చేదాకా లాంచీ కదలదు, అందుకని మామూలు రోజున కొంచెం ఎదురుచూపు తప్పదు. గాలి గట్టిగా వీచినా, వరద ఉధృతంగా ఉన్నా ఆపేస్తారు. గేట్లు ఎత్తిన రోజే కొండ కూడా చూసేద్దాం అనుకునేవాళ్లకు చాలాసార్లు ఇక్కడే దెబ్బ పడుతుంది. పొద్దున మొదటి లాంచీకి వెళ్లడం అన్నిటికన్నా మేలు.

లైఫ్ జాకెట్ తప్పనిసరా? ఉక్కగా ఉంటుంది కదా?

తప్పనిసరి, బకిల్స్ అన్నీ బిగించుకుని మరీ. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటక బోటు మునిగి పదుల మంది ప్రాణాలు పోయాయి. భుజాన వేలాడేసుకున్న జాకెట్ నీళ్లలో పడగానే జారిపోతుంది. పిల్లలకు వాళ్ల సైజుది అడిగి వేయించండి. పెద్దవాళ్లది వేస్తే తల మీదుగా ఊడొచ్చేస్తుంది. సెల్ఫీ కోసం అందరూ ఒకే పక్కకు చేరడం, పై డెక్ రెయిలింగ్ మీద కూర్చోవడం వద్దు. జాకెట్లు లేని ప్రైవేటు పడవ ఎంత చౌకగా వస్తానన్నా ఎక్కకండి.

అక్కడ చూడటానికి ఏముంది? ఒట్టి రాళ్లేనంటారు?

రాళ్లే. కాకపోతే ఒక రాజధాని రాళ్లు. ఇప్పుడు మీరు లాంచీలో దాటిన నీళ్ల అడుగున, క్రీస్తు శకం 3, 4 శతాబ్దాల్లో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. స్తూపాలు, విహారాలు, గుళ్లు, స్నానఘట్టాలు, ఆరుబయలు రంగస్థలం అన్నీ ఆ లోయలోనే. ఈ శిథిలాల సంగతి 1926లో బయటపడింది. డ్యామ్ కడితే లోయ మునుగుతుందని తెలిశాక 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పెద్ద ఎత్తున తవ్వారు. ముఖ్యమైన కట్టడాలను రాయి రాయీ ఊడదీసి కొండ మీదికీ, అనుపుకీ తరలించారు. నీళ్లు నిండాక ఆ కొండే దీవి అయింది.

మ్యూజియంలో మీ దగ్గర అరగంటే ఉంటే రెండింటి దగ్గర ఆగండి. ఒకటి, మునిగిన లోయ నమూనా. ఏ స్తూపం ఎక్కడుండేదో, ఏ విహారం ఏ మలుపులో ఉండేదో అందులో కనబడుతుంది. ముందు అది చూస్తే మిగతా గదులన్నీ అర్థమవుతాయి. రెండు, లేత ఆకుపచ్చ ఛాయ ఉన్న పల్నాటి సున్నపురాయి పలకలు. పక్కకు జరిగి, వెలుతురు ఏటవాలుగా పడేట్టు చూడండి. గుర్రం కళ్లెం ముడి, స్త్రీల కాలి కడియాలు, తొంగిచూసే పిల్లాడి ముఖం ఒక్కొక్కటే తేలతాయి. మహాచైత్యానికి (ఇక్కడి పెద్ద స్తూపానికి) దానం చేసిన చాంతిసిరి ఇక్ష్వాకు రాజు చాంతమూలుని తోబుట్టువు. ఇక్కడి శాసనాల్లో దానాలిచ్చిన రాజకుటుంబ స్త్రీల పేర్లు చాలా కనబడతాయి. ఇది చాలామంది గైడ్లు చెప్పరు.

టికెట్, టైమ్, పెద్దవాళ్లు నడవగలరా?

లాంచీ టికెట్ వేరు, మ్యూజియం టికెట్ వేరు. 15 ఏళ్లలోపు పిల్లలకు మ్యూజియం ఉచితం. రేవు నుంచి మ్యూజియం దాకా ఎక్కుడు దారి, కొన్ని మెట్లు ఉన్నాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు నెమ్మదిగా నడిస్తే వెళ్లగలరు. దిగేటప్పుడే తిరుగు లాంచీ టైమ్ అడిగి గుర్తుపెట్టుకోండి. కొండ మీద రాత్రి ఉండే వీలు లేదు. తాగే నీళ్లు వెంట తీసుకెళ్లండి, ఖాళీ సీసా వెనక్కి తెచ్చేయండి.

సాగర్ నుంచి శ్రీశైలం దాకా లాంచీలో పోవచ్చంట, నిజమేనా?

నిజమే, తెలంగాణ పర్యాటక శాఖ నడుపుతుంది. నల్లమల కొండల మధ్య దాదాపు 110 కిలోమీటర్లు. రోజులో చాలాభాగం నీళ్ల మీదే గడుస్తుంది. కాకపోతే జలాశయం నిండుగా ఉన్న నెలల్లోనే, సరిపడా బుకింగ్‌లు వచ్చినప్పుడే. శాఖ వెబ్‌సైట్‌లో తేదీ చూసి, ఫోన్ చేసి ఖాయం చేసుకున్నాకే సెలవు పెట్టండి. ఆరు గంటలు కూర్చోలేని పిల్లలుంటే ఈ ఆలోచన మానుకోవడమే మంచిది.

## నీళ్లలో దిగేవాళ్లకు

డ్యామ్ కింద నది ఎండినట్టే ఉంది. మోకాళ్ల లోతులో దిగితే ఏమవుతుంది?

ఈ ప్రశ్నకు జవాబు కొంచెం పొడుగ్గానే చెబుతాను. డ్యామ్ కింద నీళ్లు వాన చూసి పెరగవు, కరెంటు అవసరం చూసి పెరుగుతాయి. సాగర్ ప్రధాన విద్యుత్ కేంద్రం సామర్థ్యం 816 మెగావాట్లు. సాయంత్రం కరెంటు వాడకం పెరిగి టర్బైన్లు తిప్పితే, ఆకాశంలో మబ్బు తునక లేకపోయినా, నిమిషాల్లో ప్రవాహం వచ్చేస్తుంది. పైగా ఇక్కడి యూనిట్లలో ఎక్కువ భాగం రివర్సిబుల్. దిగువన ఉన్న టెయిల్ పాండ్ (చిన్న జలాశయం) నుంచి నీళ్లను మళ్లీ పైకి తోడగలవు. కాబట్టి నది ఒక పూట ఉన్నట్టు ఇంకో పూట ఉండదు.

2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నది మధ్య బండల మీద ఫొటోలు దిగుతున్న హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది ఇలాగే పోయారు. పైన లార్జి ప్రాజెక్టు నుంచి నీళ్లు వదిలారు. ఆ పిల్లలు ఈతకు కూడా దిగలేదు, బండల మీద నిలబడ్డారంతే. సైరన్ వినబడితే సామాను, చెప్పులు, ఫోన్ ఛార్జర్ వెతుక్కోకుండా గట్టెక్కేయండి. సైరన్ వినబడలేదని ధీమాగా నది మధ్య బండల మీదికి పోకండి.

నాకు ఈత బాగా వచ్చు. జలాశయంలో ఈదొచ్చా?

వద్దు. చెరువులో, స్విమ్మింగ్ పూల్‌లో వచ్చిన ఈత ఇక్కడ చాలదు. అంచు దగ్గర నడుం లోతున్న చోట రెండడుగులు వేస్తే పాతాళమే, ఎందుకంటే అడుగున ఉన్నది కొండ వాలు. అడుగు బురదలో కాలు కూరుకుపోతుంది, పాత వలలు చుట్టుకుంటాయి. స్నానం చేయాలనుకుంటే మెట్లు, గొలుసులు ఉన్న పుష్కర ఘాట్లలో, నీళ్లు నిలకడగా ఉన్నప్పుడు, గొలుసు ఇవతలే చేయండి. కాలువల్లో అసలు దిగొద్దు. సిమెంటు లైనింగ్ నాచు పట్టి జారుతుంది, పట్టుకుని పైకి రావడానికి ఏమీ ఉండదు.

గాలం వేసి చేపలు పట్టొచ్చా?

జలాశయంలో చేపల వేట లైసెన్సున్న మత్స్యకారులది, వాళ్ల బతుకుదెరువు. అడగకుండా గాలం వేయకండి. చేప తినాలంటే రోడ్డు పక్క వేయించి అమ్ముతారు. పొద్దున వలలు వచ్చే వేళకు రేవు దగ్గరుంటే బేరమాడి కొనుక్కోవచ్చు. దేవరకొండ అవతల వైజాగ్ కాలనీ బ్యాక్‌వాటర్ దగ్గరికి చాలామంది చేపల కోసమే పోతారు.

ఎవరైనా మునిగితే వెంటనే ఏం చేయాలి?

ఈత రానివాళ్లు వెనక దూకొద్దు. ఒకరిని కాపాడబోయి ఇంకొకరు పోయిన కథలే ఎక్కువ. తాడు, చీర, పొడవాటి కర్ర, మూత బిగించిన ఖాళీ నీళ్ల క్యాను, ఏది దొరికితే అది విసరండి. గట్టిగా అరిచి దగ్గర్లోని జాలరులను పిలవండి. 112కు గానీ, అంబులెన్స్ కోసం 108కి గానీ ఫోన్ చేయండి. హిల్ కాలనీలో ప్రభుత్వ ఏరియా ఆసుపత్రి ఉంది.

## చుట్టుపక్కల

ఎత్తిపోతల ఎప్పుడు వెళ్లినా నీళ్లుంటాయా?

సాధారణంగా ఉంటాయి. చంద్రవంక వాగు దాదాపు 70 అడుగుల ఎత్తు నుంచి దూకే చోటిది, డ్యామ్ నుంచి 11 కిలోమీటర్ల దూరం. వాగు తగ్గిన నెలల్లో కుడి కాలువ నీళ్లు ఆదుకుంటాయి. వానాకాలంలో ఎర్రటి వరద, చలికాలంలో తెల్లటి ధారలు. నాకైతే చలికాలమే నచ్చుతుంది. వ్యూ పాయింట్ నుంచి చూడటమే, కింద గుండంలో దిగడం నిషేధం. అక్కడ మొసళ్లున్నాయి, పెంపక కేంద్రం కూడా ఉంది. చేతిలో తినేది ఉంటే కోతులు వదలవు. కవర్లు కారులోనే పెట్టి అద్దాలెక్కించండి.

బుద్ధవనం, అనుపు: ఒక్కటే చూసే టైముంటే ఏది?

పిల్లలు ఉంటే బుద్ధవనం. 274 ఎకరాల్లో, 2022 మే 14న తెరిచారు. అమరావతి స్తూపాన్ని తలపించేలా 42 మీటర్ల వ్యాసంతో కట్టిన మహాస్తూపం, జాతక కథల వనం, బుద్ధచరిత వనం నడిచి చూడొచ్చు. ఎండలో నడక ఎక్కువ కాబట్టి సాయంత్రం వెళ్లండి. చరిత్ర మీద ఆసక్తి ఉన్నవాళ్లకు అనుపు. నది లోయ నుంచి తెచ్చి తిరిగి పేర్చిన రంగస్థలం, విహారం పునాదులు, హారీతి అనే దేవత గుడి ఉన్నాయి. రంగస్థలం మధ్య ఒకరు మామూలుగా మాట్లాడితే పై మెట్టు మీదున్నవాళ్లకు ఎలా వినబడుతుందో పరీక్షించి చూడండి. అక్కడ దుకాణాలు పెద్దగా ఉండవు.

దారిలో ఇంకేమైనా చూడొచ్చా?

హైదరాబాద్ దారిలో కొండమల్లేపల్లి నుంచి కాస్త పక్కకు తిరిగితే దేవరకొండ కోట ఉంది, పద్మనాయకుల నాటిది. ఎక్కడానికి ఓపిక, నీళ్లు రెండూ కావాలి. మాచర్ల వైపు వెళ్తే చెన్నకేశవస్వామి గుడి, పల్నాటి వీరుల కథలు విన్నవాళ్లకు కారంపూడి.

సాగర్ నుంచి అటే శ్రీశైలం పోదామనుకుంటున్నాం. రాత్రి ప్రయాణం ఫర్వాలేదా?

ఫర్వా ఉంది. మాచర్ల, ఎర్రగొండపాలెం, దోర్నాల మీదుగా వెళ్లాలి. దోర్నాల దాటాక నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలో ఘాట్ రోడ్డు. అటవీ చెక్‌పోస్టు రాత్రి తొమ్మిదికి మూసేసి పొద్దున ఆరుకు తెరుస్తారు. హైదరాబాద్ నుంచి మన్ననూరు మీదుగా వెళ్లే అమ్రాబాద్ అడవి దారికీ ఇదే నిబంధన. సాయంత్రం ఆరు దాటాక సాగర్‌లో బయలుదేరితే చెక్‌పోస్టు దగ్గర కారులోనే తెల్లవారుతుంది. పగలు వెళ్లినా అడవిలో దిగి వంట చేయడం, కోతులకు తిండి వేయడం వద్దు.

## తిరిగొచ్చేటప్పుడు

నీళ్ల ఒడ్డున వంట చేసుకుని తినొచ్చా? చెత్త ఎక్కడ వేయాలి?

ఇంటి నుంచి వండి తెచ్చుకున్నది తినడానికి చెట్ల కింద చోటు చాలా ఉంది. ఎండిన గడ్డి మీద పొయ్యి పెట్టకండి, మంట అంటుకుంటే ఆపేవాళ్లు ఉండరు. విస్తర్లు, ప్లాస్టిక్ గ్లాసులు, చిప్స్ కవర్లు సంచిలో వేసి వెంట తీసుకెళ్లి, కాలనీలో చెత్తకుండీ కనబడితే అందులో వేయండి. సబ్బు స్నానాలు, కారు కడగడాలు జలాశయంలో వద్దు. హైదరాబాద్‌కు వచ్చే కృష్ణా నీళ్లు ఇందులోంచే తోడి, కోదండాపూర్‌లో శుద్ధి చేసి పంపిస్తారు.

ఆదివారం సాయంత్రం ట్రాఫిక్ తప్పించుకోవడం ఎలా?

గేట్లు ఎత్తిన ఆదివారం మూడు నుంచి ఏడు మధ్య వంతెన దగ్గర బండి కదలదు. మధ్యాహ్నం రెండులోపు బయలుదేరండి, లేదా భోంచేసి రాత్రి ఎనిమిది తర్వాత. పెట్రోలు పొద్దున వచ్చేటప్పుడే నింపుకోండి. ఇబ్రహీంపట్నం చేరేసరికి నగరం ట్రాఫిక్ మళ్లీ తగులుతుంది. ఆఫీసుకు సోమవారం సెలవు దొరికేవాళ్లు రాత్రి అక్కడే పడుకుని తెల్లవారి బయలుదేరితే మూడు గంటల్లో ఇంట్లో ఉంటారు.